పరిశోధన కేంద్రంలో లీమర్లు: కొత్తగా చేరిన కీపర్లకు

లీమర్ తన జబ్బు బయటపెట్టదు. అడవిలో నీరసం కనబడనిచ్చిన జంతువుకు రోజులు దగ్గర పడ్డట్టే కాబట్టి, కాలు బెణికినా కడుపులో తేడా చేసినా మేత వేళకు అన్నిటితోపాటు కొమ్మ దిగి వస్తుంది. తీరా మూలన ముడుచుకుని కూర్చున్నది మన కంటబడేసరికి జబ్బు ముదిరిపోయి ఉంటుంది. అందుకే ఈ పనిలో మందుల కన్నా ముందు రెండు నేర్చుకోవాలి. గుంపులో ఎవరి స్థానం ఏమిటో పసిగట్టడం ఒకటి, ప్రతి జంతువునూ క్రమం తప్పకుండా తూయడం రెండోది. మేత, శుభ్రం, తలుపులు అన్నీ ఈ రెండింటికీ వీలుగా అమర్చుకోవాల్సినవే.

లీమర్లు సహజంగా పుట్టి పెరిగేది మడగాస్కర్‌లో. కోతుల్లా కనిపిస్తాయి గానీ కోతులు కావు, దేవాంగపిల్లికి చుట్టాలు. నూరుకు పైగా జాతులున్నాయి. అరవై గ్రాముల మౌస్ లీమర్‌కూ, నాలుగు కిలోల సిఫాకాకూ ఒకే పద్ధతి పనికిరాదు. నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో 1966 నుంచి నడుస్తున్న డ్యూక్ లీమర్ సెంటర్ లాంటి చోట పగటి జాతులు, రాత్రి జాతులు, పండు తినేవి, ఆకు తినేవి అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. ఇక్కడ ఎక్కువగా రాసింది తోకకు నలుపు తెలుపు చారలుండే రింగ్‌టెయిల్ గురించి, ఆకులు తిని బతికే కోకరెల్ సిఫాకా గురించి. రాత్రి జాతులకు వేరే జాగ్రత్తలున్నాయి, చివర్లో చెప్తాం.

పెత్తనం ఎవరిదో ముందు తేల్చుకోండి

చాలా లీమర్ జాతుల్లో పెత్తనం ఆడదానిది. మగది ఒడ్డూ పొడుగూలో ఏమాత్రం తీసిపోకపోయినా, ఆడది వస్తుంటే గిన్నె వదిలి పక్కకు జరుగుతుంది, ఎండ పడే చోటు ఇచ్చేస్తుంది. రింగ్‌టెయిల్ గుంపులో తల్లీ కూతుళ్లది ఒక జట్టు. మగవి పెద్దయ్యాక పుట్టిన గుంపు వదిలి వేరే గుంపులో చేరతాయి.

కొత్త గుంపు చేతికొచ్చిన మొదటి వారం ఏమీ మార్చకండి. ఉదయం మేత పెట్టాక అరగంట నిలబడి రెండే సంగతులు రాసుకోండి: ఎవరు వస్తే ఎవరు లేచారు, ఎవరు ఎవరి ఒళ్లు దువ్వారు. దువ్వడమంటే నిజంగా దువ్వడమే. వీటి కింది దవడ ముందు పళ్లు సన్నగా, పక్కపక్కనే, ముందుకు వాలి దువ్వెనలా ఉంటాయి. వాటితో ఒకదాని బొచ్చు ఇంకొకటి దువ్వుతుంది. ఏ జంతువు బొచ్చయినా అట్టలు కడుతోందంటే దాన్ని దువ్వేవాళ్లు లేరన్నమాట, లేదా దాని పళ్లకేదో అయింది. రెండూ పట్టించుకోవాల్సినవే.

కింది స్థానంలో ఉన్న మగదాన్ని మేత దగ్గర గమనించండి. గిన్నెకు ఎదురుగా కూర్చోదు, పక్కవాటుగా, వెనక కాళ్లు లేవడానికి సిద్ధంగా పెట్టుకుని కూర్చుంటుంది. ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని తల తిప్పి చూస్తుంది, మళ్లీ ఒక ముక్క, మళ్లీ చూపు. పెద్దాడది మెడ సాచితే చాలు, సన్నగా కీచుమంటూ దూకేస్తుంది. ఇది బాధపడాల్సిన విషయం కాదు, వాటి సంసారం అంతే. దూకాక మళ్లీ తినడానికి ఇంకో చోటు దొరుకుతోందా లేదా అన్నదే మీరు చూడాలి.

మగవాటి మణికట్టు లోపలి వైపు ఒక వాసన గ్రంథి, దాని మీద గోరులాంటి ముల్లు ఉంటాయి. భుజం దగ్గర ఇంకో గ్రంథి. ఆ వాసనలు తోకకు పట్టించి, తోకను వీపు మీదుగా ఎదుటి మగదాని వైపు విదిలిస్తాయి. చూసేవాళ్లకు కొట్లాటలా ఉంటుంది గానీ, చాలాసార్లు అది కరుచుకోవడం దాకా పోకుండా తేల్చుకునే పద్ధతి. మధ్యలో దూరకండి. కంగారు పడాల్సింది చప్పుడు లేని తరుముడు చూసినప్పుడు. ఒకే జంతువును పదేపదే వెంటాడుతున్నా, అది రాత్రి గుంపుతో కలిసి ముడుచుకుని పడుకోకుండా విడిగా నేల మీద ఉంటున్నా, తొడ మీదో తోక మొదట్లోనో బొచ్చు ఊడుతున్నా, ఆడవి ఆ ఒక్కదాన్ని వెళ్లగొడుతున్నట్టే. రింగ్‌టెయిళ్లలోనూ మెడ చుట్టూ గుబురు బొచ్చుండే రఫ్డ్ లీమర్లలోనూ ఇది మామూలే. ముందు మేత చోట్లు పెంచండి, చూపు అడ్డుకునే తడికలు పెట్టండి, ప్రతి గదికీ రెండు దారులు ఉండేలా తలుపులు తెరిచి ఉంచండి. గుడ్డి మూల ఉన్న గదిలో తరిమితే పారిపోయే దారి ఉండదు. అయినా ఆగకపోతే విడదీయక తప్పదు. ఒకసారి వెళ్లగొట్టిన ఆడదాన్ని కొన్ని వారాల తర్వాత తిరిగి కలిపితే సర్దుకుంటుందని ఆశపడొద్దు, సాధారణంగా సర్దుకోదు.

జత కట్టే కాలం పగటి పొడుగును బట్టి వస్తుంది. మడగాస్కర్‌లో రింగ్‌టెయిళ్లు ఏప్రిల్, మే నెలల్లో జత కడతాయి. భూమధ్యరేఖకు ఉత్తరాన పెరిగేవాటికి ఆ లెక్క తిరగబడి చలికాలం మొదట్లో పడుతుంది. ఆడది ఎదకొచ్చి ఉండేది ఒక్క రోజు లోపే, అందుకే ఆ కొద్ది గంటల కోసం మగవి ఒళ్లు చీరుకుంటాయి. ఆ వారాల్లో రోజూ మగవాటి మొహం, భుజాలు, తొడలు దగ్గరగా చూడండి. కోర గాటు పైకి చిన్న చుక్కలా ఉంటుంది, రెండు రోజుల్లో మూసుకుపోతుంది, లోపల చీము పడుతుంది. పెద్ద చీలిక కన్నా ఇదే మోసం చేస్తుంది.

తూకం

పెద్దవాటిని వారానికి ఒకసారి, చూలుతో ఉన్నవాటినీ ముసలివాటినీ కొత్తగా వచ్చినవాటినీ వారానికి రెండుసార్లు తూయండి. ఎప్పుడూ ఒకే వేళకు, మేతకు ముందే. ఎదిగిన రింగ్‌టెయిల్ 2.2 కిలోల చుట్టుపక్కల ఉంటుంది, కోకరెల్ సిఫాకా దాదాపు 4 కిలోలు. రింగ్‌టెయిల్ నూరు గ్రాములు తగ్గితే కంటికి ఆనదు, దట్టమైన బొచ్చు అంతా కప్పేస్తుంది. తూకంలో మాత్రం తెలిసిపోతుంది. 5 శాతం తగ్గితే మర్నాడు మళ్లీ తూయండి. 10 శాతం తగ్గితే ఆ పూటే డాక్టరుకు చెప్పాలి, వారాంతమైనా సరే.

త్రాసు తప్పు చూపించడానికి చాలాసార్లు తోకే కారణం. రింగ్‌టెయిల్ తోక ఒంటికన్నా పొడుగు, అరవై సెంటీమీటర్ల దాకా ఉంటుంది. జంతువు పళ్లెం మీద బుద్ధిగా కూర్చున్నా, తోక వేలాడి నేలకో గోడకో ఆనితే తూకం తగ్గి కనిపిస్తుంది. త్రాసును కనీసం డెబ్భై సెంటీమీటర్ల ఎత్తున్న బల్ల మీద, గోడకు దూరంగా పెట్టండి, లేదా లోతున్న పెట్టెను పళ్లెం మీద కట్టి అందులోకి రానివ్వండి. ఒకదాని తర్వాత ఒకటి ఎక్కుతున్నప్పుడు మధ్యలో మూత్రం తుడిచి, సున్నాకు తెచ్చాకే రెండోదాన్ని పిలవాలి. అంకె కుదురుకోవడానికి రెండు మూడు సెకన్లు ఆగండి, తొందరపడి మొదట కనిపించిన అంకె రాసెయ్యొద్దు.

త్రాసు మీదికి పట్టుకుని ఎక్కించకూడదు, అదే ఎక్కేలా నేర్పాలి. మొదట క్లిక్కర్ (నొక్కితే శబ్దం చేసే చిన్న పరికరం) టిక్కుమనగానే ఎండుద్రాక్షలో నాలుగో వంతు ముక్క ఇవ్వండి. ఒక పూటకు పదిహేను ఇరవై సార్లు, మూడు నుంచి ఐదు నిమిషాలకు మించకుండా. శబ్దం వినగానే చేతి వైపు చూస్తోందంటే ఆ పాఠం ఎక్కినట్టే. తర్వాత కర్ర చివర ఒక బంతి పెట్టి, ముక్కుతో దాన్ని తాకితే క్లిక్, ముక్క. ఆ బంతి వెంట నడిపించి త్రాసు దాకా తీసుకెళ్లండి. ముందు కరెంటు పెట్టని త్రాసు మీద, తర్వాత నిజం త్రాసు మీద. గుంపులో పని మొదలుపెట్టేటప్పుడు పెద్దాడదాన్నే ముందు తన చోట కూర్చోబెట్టి, ఒకరు దానికి ముక్కలు అందిస్తూ ఉండాలి. దాన్ని వదిలేసి చిన్నదానితో మొదలుపెడితే, పెద్దది వచ్చి చెంప మీద ఒక్కటిస్తుంది, ఆ చిన్నది మళ్లీ త్రాసు వైపు చూడదు.

రవాణా పెట్టె కూడా ఇలాగే. తలుపు తీసి ఉంచి వారం రోజులు లోపలే మేత పెట్టండి. తర్వాత తలుపు ఒక సెకను మూసి తీయండి, ఆపైన ఐదు సెకన్లు, అర నిమిషం, అలా పెంచుతూ చివరికి పెట్టె ఎత్తి నాలుగడుగులు నడవండి. ఎక్కడైనా జంతువు వెనక్కి తిరిగి తలుపు చూసిందంటే మీరు తొందరపడ్డారు, వెనకటి మెట్టుకు వెళ్లండి. ఆ పెట్టెలోనే సూదిమందుకు తీసుకెళ్లారనుకోండి, ఆ తర్వాత కొన్నాళ్లు ఉత్త ద్రాక్షముక్కల కోసమే దాన్ని వాడాలి. ఒక్క చేదుకు పది తీపులన్నది మేం పాటించే లెక్క. చేత్తో పట్టాల్సి వస్తే తోక మాత్రం పట్టొద్దు. చర్మం ఊడొచ్చే ప్రమాదం ఉంది, పైగా అది వేలాడ్డానికి చేసిన తోక కాదు.

మేత

లావెక్కడం, చక్కెర జబ్బు, కాలేయంలో ఇనుము పేరుకోవడం: బోనులో పెరిగే లీమర్లకు వచ్చే ఈ జబ్బులు చాలావరకు గిన్నెలోంచి వచ్చేవే. మనం తినే పండ్లు తరాలుగా తీపి కోసం పెంచినవి. అడవి పండులో పీచు ఎక్కువ, చక్కెర తక్కువ. కాబట్టి రింగ్‌టెయిల్‌కు పండు మేత కింద కాదు, శిక్షణలో ఇచ్చే ముక్కల వరకే. 2.2 కిలోల జంతువుకు రోజుకు ఆకులు తినే ప్రైమేట్ల (కోతులు, లీమర్ల లాంటివాటి) కోసం చేసిన పెల్లెట్లు (మేత గుళికలు) సుమారు 35 గ్రాములు, ఆకుకూరలూ కూరగాయలూ కలిపి 150 గ్రాములు, కొమ్మ రొట్ట తిన్నంత. ఇది మొదలుపెట్టడానికి ఒక కొలత మాత్రమే. తూకం చూసి పోషకాహార నిపుణులు పెంచుతారు, తగ్గిస్తారు. పెట్టింది తూచినట్టే మిగిలింది కూడా తూచండి. పెట్టిన మేత అంతా తిన్న మేత అనుకుని చాలామంది పొరబడతారు, సగం తొక్కిడిలో నేలపాలై ఉంటుంది.

కూరగాయలు సెంటీమీటరు ముక్కలుగా, అన్నీ ఒకే తీరున తరిగి కలిపెయ్యండి. పెద్ద ముక్కలు వేస్తే పెద్దాడది తీపి దుంపలు ఏరుకుని పోతుంది, మగవాటికి ఆకులు మిగులుతాయి. గిన్నెలు జంతువుల సంఖ్య కన్నా కనీసం ఒకటి ఎక్కువ ఉండాలి, ఒక చోట నిలబడితే అన్నీ కనిపించకూడదు. రోజులో రెండు మూడు విడతలుగా పెట్టడం మేలు.

ఇనుము సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. అడవిలో తినే ఆకులూ కాయల్లో వగరు ఎక్కువ. ఆ వగరు ఇనుమును పట్టుకుని ఒంట్లోకి ఎక్కువగా పోనివ్వదు. బోనులో వగరు తగ్గింది, పెల్లెట్లలో ఇనుము పెరిగింది. దానికి తోడు నారింజ, నిమ్మ జాతి పండ్లలోని విటమిన్ సి ఇనుమును మరింత ఇంకేలా చేస్తుంది. కోతులకూ మనకూ విటమిన్ సి తిండిలోంచే రావాలి గానీ, లీమర్లు దాన్ని ఒంట్లోనే తయారు చేసుకోగలవు. కాబట్టి పుల్లపండ్లు పెట్టి తీరాలన్న ఆలోచనే అక్కర్లేదు. పెట్టినా పెల్లెట్లతో కలిపి అసలు వద్దు.

సిఫాకా దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. దాని పెద్దపేగు, అంధనాళం సూక్ష్మజీవులతో ఆకులు పులియబెట్టే తొట్టి లాంటివి. తీపి పడితే ఆ తొట్టి చెడిపోతుంది. తాజా రొట్ట రోజూ ఉండాలి. ఉత్తర అమెరికాలో సుమాక్, మిమోసా చెట్ల ఆకులు వాడతారు, చలికాలానికి ఎండాకాలంలోనే కోసి ఫ్రీజర్‌లో దాస్తారు. ఏ కొమ్మ కోసినా చెట్టు ఏదో ఖాయం చేసుకోండి, పురుగుమందు కొట్టలేదని తెలుసుకోండి. గన్నేరు లాంటి విషపు చెట్ల ఆకు ఒక్కటి కలిసినా ప్రాణం మీదికొస్తుంది. కొత్త మేత పెట్టాలంటే పాతదాంట్లో పదో వంతు నుంచి మొదలుపెట్టి రెండు వారాల్లో మార్చండి. ఆరోగ్యంగా ఉన్న సిఫాకా పెంట మేక పెంటికల్లా గట్టిగా, విడివిడిగా పడుతుంది. ముద్దగా పడిన మొదటి రోజే రాసి పెట్టి నమూనా తీయండి, రెండో రోజు కోసం ఆగొద్దు.

శుభ్రం, జబ్బులు

అతి శుభ్రం కూడా తప్పే. కూర్చునే కొమ్మలన్నీ ఒకే రోజు రుద్ది కడిగితే గుంపు వేసుకున్న వాసన గుర్తులన్నీ పోతాయి. మర్నాటికల్లా పాత గొడవలు తిరగదోడుకుంటాయి. కొమ్మలు సగం ఈ వారం, సగం పై వారం కడగండి. నేల, గిన్నెలు మాత్రం రోజూ. మందునీళ్లు చల్లే ముందు పెంట, ఆకులు ఊడ్చి కడిగెయ్యాలి, మురికి మీద పోస్తే మందు పనిచేయదు. సీసా మీద రాసిన నిమిషాలు తడిగా ఉంచి, ఆపైన మంచినీళ్లతో కడగాలి.

పిల్లులను ఆవరణ దరిదాపులకు కూడా రానివ్వకండి. పిల్లి పెంటలోంచి వచ్చే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి రింగ్‌టెయిళ్లకు ప్రాణాంతకం, నిన్న తిరిగిన జంతువు ఇవాళ చనిపోయి కనిపించేంత వేగం దానిది. మేత గదికి, రొట్ట నిల్వ చేసే చోటుకు కూడా ఇదే వర్తిస్తుంది, ఆకుకూరలు బాగా కడగాలి. రకూన్‌లు తిరిగే ప్రాంతాల్లో వాటి పెంటలోని గుండ్రని పురుగు గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి ఉంటాయి, మామూలు మందునీళ్లకు చావవు, లోపలికి పోతే మెదడు దాకా పాకుతాయి. సలసల కాగే నీళ్లు, మంట లాంటి వేడే వాటికి మందు.

మన నుంచి వాటికి పోయేవీ ఉన్నాయి. పెదవి మీద జలుబు పొక్కు తెప్పించే హెర్పిస్, క్షయ, విరేచనాల క్రిములు. ఒంట్లో బాగోలేని రోజు సెలవు పెట్టడం బద్ధకం కాదు, ఉద్యోగ ధర్మం. మాస్కు, చేతి తొడుగులు, ఒక్కో భవనానికి వేరే బూట్లు ఉండాలి.

పిల్లలు పుట్టినప్పుడు

రింగ్‌టెయిల్ దాదాపు 135 రోజులు మోస్తుంది. పుట్టిన పిల్ల డెబ్భై గ్రాముల దగ్గర ఉంటుంది, మొదటి ఒకటి రెండు వారాలు తల్లి పొట్టను, తర్వాత వీపును పట్టుకుని ఉంటుంది. దూరం నుంచి మూడు చూడండి: నాలుగు చేతులా పట్టుందా, రొమ్ము దగ్గరకు పాకుతోందా, పొట్ట నిండుగా ఉందా. తల్లి త్రాసుకు అలవాటు పడి ఉంటే పిల్లతో కలిపే తూయండి. తల్లి మామూలు తూకం తీసేస్తే వచ్చే అంకె పిల్లదని నమ్మొద్దు, తల్లి తూకమూ మారుతుంటుంది. రెండూ కలిసిన అంకె పైకి పోతోందా అన్నదే చూడండి. పిల్ల నేల మీద కనిపిస్తే పరుగెత్తకండి, తల్లికి కాసేపు వదలండి. ఒళ్లు చల్లబడితే మాత్రం తీసి, మెల్లగా వెచ్చచేసి, వీలైనంత త్వరగా తల్లికే ఇవ్వండి. మనుషుల చేతిలో పెరిగినది తర్వాత గుంపులో ఇమడలేక బాధపడుతుంది.

రఫ్డ్ లీమర్ తీరు వేరు. 102 రోజులకే, ఒకేసారి రెండు మూడు కంటుంది, గూడులో పెట్టి నోట కరుచుకుని మారుస్తుంది. ప్రసవానికి మూడు వారాల ముందే రెండు మూడు గూడు పెట్టెలు ఎత్తులో అమర్చండి. మీరు తొంగిచూసిన ప్రతిసారీ అది పిల్లల్ని ఇంకో చోటికి మోసుకుపోతుంది. లోపల కెమెరా పెట్టుకుంటే తొంగిచూసే పనే ఉండదు.

రాత్రి జాతులు

వీటి గదిలో పగలు చీకటి, రాత్రి వెలుతురు; మనం పనిచేసే వేళకు సన్నటి ఎర్ర దీపం. టైమర్‌ను ఏడాది పొడుగునా సహజమైన పగటి పొడుగుకు తగ్గట్టు మార్చాలి. ఎవరో నేల తుడవడానికి తెల్ల లైటు వేసి ఆర్పడం మరిచిపోయారంటే, ఆ ఒక్క రోజు మేత తప్పడంతో సరిపోదు, జత కట్టే కాలం, నిద్రకాలం లెక్కలు తప్పుతాయి. లైటు స్విచ్‌కు మూత బిగించడం చవకైన మందు.

లావుతోక మరుగుజ్జు లీమర్ తోకలో కొవ్వు దాచుకుని, అడవిలో ఏడు నెలల దాకా మొద్దునిద్ర పోతుంది. నిద్రకు ముందు తూకంతోపాటు తోక చుట్టుకొలత కూడా రాయండి. చల్లబడి, నిమిషాల తరబడి ఊపిరి ఆగినట్టుండే జంతువును చూసి కొత్తవాళ్లు చచ్చిపోయిందనుకుని చేతిలోకి తీసుకుంటారు. అలా లేపితే కూడబెట్టుకున్న కొవ్వు వృథాగా కరుగుతుంది. గది ఉష్ణోగ్రత చూడండి, ఓపిగ్గా ఊపిరి గమనించండి.

ఐ-ఐ అనే రాత్రి లీమర్‌కు ముందు పళ్లు ఎలుక పళ్లలా పెరుగుతూనే ఉంటాయి. చెక్క తలుపు, ప్లాస్టిక్ పైపు, గోడ సున్నం అన్నీ కొరుకుతుంది. బిగింపులన్నీ లోహంవే వాడండి. దాని నడిమి వేలు పుల్లలా సన్నం. దానితో మొద్దు మీద తట్టి, చెవులు ముందుకు వంచి డొల్ల ఎక్కడుందో విని, అక్కడ కొరికి పురుగును లాగుతుంది. కాబట్టి గిన్నెలో పురుగులు పెట్టడం దానికి అవమానమే. మొద్దుకు బెజ్జాలు వేసి, పురుగులు దూర్చి, చెక్క బిరడాతో మూయండి.

సాయంత్రం తలుపులు

బయటి ఆవరణలోకి వదిలే రోజుల్లో రాత్రి చలి 5 డిగ్రీల దరికి దిగేలా ఉంటే ముందే లోపలికి పిలవండి. చలికి ముందు దెబ్బ తినేవి తోక చివర, చెవులు, వేళ్లు. రోజూ ఒకే శబ్దంతో పిలిచి లోపల మేత పెడితే తరమాల్సిన పని ఉండదు. రెండు తలుపుల మధ్య గదిలో ఒకటి మూశాకే రెండోది తీయాలి. పేరు పేరునా లెక్క పెట్టండి, మొత్తం అంకె ఒక్కటే చూస్తే పక్క గుంపులోంచి దూరినది కూడా లెక్కలో కలిసిపోతుంది.

పైనుంచి దించే తలుపుల దగ్గర ఇంకో మాట. జంతువు గడప దాటి లోపల కూర్చుంది కదాని తాడు వదలకండి. ఒళ్లు దాటిన రెండు సెకన్ల తర్వాత కూడా తోక ఇంకా గడప మీదే ఉంటుంది. వంగి, తోక కొస లోపలికి పోయిందని కళ్లతో చూశాకే దించండి.